మూడు వెంట్రుకల కళ్లెం

కోతలు ముగిసిన రోజున పింగళదుర్గాన్ని చూడాలే తప్ప మాటల్లో చెప్పనలవి కాదు. ఏడు ప్రాకారాలకీ ఏడు రంగుల పతాకాలు. ప్రతి ద్వారానికీ వరికంకుల తోరణాలు. పట్టపుటేనుగులకు నుదుట కుంకుమ, దంతాలకు బంగారు పొన్నులు, కాళ్ళకు గజ్జెలు. బురుజుల మీద నగారాలు మోగుతుంటే గోడల్లో గూళ్ళు పెట్టుకున్న పావురాలు లేచి ఆకాశాన్ని కమ్మేశాయి. నడిబొడ్డున ఉన్న విజయవేదిక మీద, నవరత్నాలు చెక్కిన సింహాసనంలో, ప్రతీపవర్మ మహారాజు నాలుగు దేశాల దూతలను చుట్టూ కూర్చోబెట్టుకుని మీసం దువ్వుకుంటున్నాడు.

ఆయన పక్కనే, జానెడు పల్లపు పీట మీద, ఎర్రపట్టు తలపాగాతో కూర్చున్నవాడు అశ్వనాయకుడు మాచన. జనమంతా అతన్నే చూస్తున్నారు. అతను మాత్రం తన కాలి వేళ్ళను చూసుకుంటున్నాడు.

చూసుకోక ఏం చేస్తాడు? ఏడాది కిందట ఇతను కొడవలి పట్టిన కూలీ. ఆ రాజ్యంలో పైరంతా కోసినా ఆఖరి పిడి మాత్రం కొయ్యరు. నిలువునా ఉన్న ఆ కంకులను జడలా అల్లి, దానికి వీపు పెట్టి నిలబడి, “ఇది నీది, నాది కాదు” అని చెప్పి, వెనక్కి చూడకుండా ఇంటికి పోతారు. ఆ పిడి పరిగెరాయుడిది. పరిగెరాయుడంటే భూతమూ కాదు, దేవుడూ కాదు. కాసేపు కుందేలు, కాసేపు మేకపోతు, బుద్ధి పుడితే కొండంత నల్లగుర్రం. మర్యాదగా మాట్లాడితే మర్యాదగా మాట్లాడుతుంది. ఏడాదికి ఒక్కరోజు, కోతలు ముగిసిన రోజునే, మనుషులకు కనిపిస్తుంది. దాని తోకలో ఉండే మూడు బంగారు వెంట్రుకలు పీకి కళ్లెం పేనినవాడికి అది లొంగుతుందని చెప్పుకునేవారు. అలాంటి కళ్లెం తెచ్చినవాడిని అశ్వనాయకుణ్ణి చేస్తానని ప్రతీపవర్మ చాటింపు వేయించాడు.

మాచన తెచ్చాడు. ఆ కళ్లెం నిప్పులో కాలలేదు, కత్తికి తెగలేదు. రాజు మురిసిపోయి పదవి కట్టబెట్టాడు. గుర్రమెక్కి చూపించమని మాత్రం ఎవరూ అడగలేదు. ఎక్కాలంటే మళ్ళీ కోతలు ముగియాలి కదా! అలా ఏడాదిపాటు మాచన కాలు మీద కాలు వేసుకుని బతికాడు. ఈ రోజు ఎలాగూ వస్తుందని తెలిసి, తెల్లవారగానే కడుపునొప్పి అని రాజవైద్యుడికి కబురంపాడు. ఆయన ఇచ్చిన కషాయం తాగాక నిజంగానే కడుపునొప్పి పట్టుకుంది. నొప్పి వచ్చిందే తప్ప సెలవు రాలేదు.

సరిగ్గా అప్పుడు ఆకాశం నుంచి గద్దంత కాకి ఒకటి రెక్కలు టపటపలాడిస్తూ వేదిక మీద వాలింది. దాని ముక్కున ఒక ఇత్తడి కడియం ఉంది. కడియాన్ని రాజు పాదాల దగ్గర పడేసి, మనిషి గొంతుతో ఇలా అంది.

“బొగ్గుకొండ ఏలిక కర్కటుడు పంపగా వచ్చాను. ఏడాది కిందట మా కొండమీద ఒక కోతకత్తె పడింది. రోజుకు నువ్వుగింజంత చొప్పున రాయైపోతోంది. నేటి పొద్దు గుంకగానే పూర్తిగా దీపపు బొమ్మవుతుంది, మా ఏలిక కొలువులో దీపం పట్టుకుని నిలబడుతుంది. దమ్మున్న మగాడుంటే వచ్చి విడిపించుకొమ్మన్నారు. దాని పేరు చెంగమ్మ. తమ్ముడి పేరు మాచన అని చెప్పింది.”

కాకి ఎగిరిపోయింది. మాచన ఆ కడియాన్ని చూశాడు. ఒక పక్క నొక్కుకుపోయి ఉంది. చిన్నప్పుడు తను రోకలితో కొట్టిన నొక్కు అది.

“అదేమిటి మాచనా, మీ అక్క నది అవతల చుట్టాలింట్లో ఉందన్నావు?” అన్నాడు రాజు.

“అలాగే... అనుకున్నాను ప్రభూ.”

“పోనీలే! నీకు పరిగెరాయుడే వాహనమైతే కర్కటుడొక లెక్కా? నడిచిపోతే ఏడు రోజుల దారి, నీకు ఏడు గడియలు! దూతలారా, చూడండి. మా అశ్వనాయకుడు పొద్దు గుంకేలోగా తోబుట్టువును తీసుకురాకపోతే నా మీసం గొరిగించుకుంటాను!”

జనం జేజేలు పలికారు. మాచనకు నేల నోరు తెరిచి మింగేస్తే బాగుండుననిపించింది. నేల అలాంటి సాయాలు చెయ్యదు.

కోట బయట రాజుగారి మడిలో ఆఖరి పిడి ఒంటరిగా నిలబడి ఉంది. బురుజులన్నీ జనంతో నిండిపోయాయి. మాచన కళ్లెం పట్టుకుని “రాయుడుగారూ” అని పిలిచాడు.

మొదట ఒక కుందేలు మోళ్ళ మధ్య నుంచి తల ఎత్తి మీసాలు కదిలించింది. మరుక్షణం అది గడ్డం ఊపే మేకపోతయింది. అంతలోనే భూమి దద్దరిల్లగా నల్లగుర్రం నిలబడింది. దాని జూలు నేల మీద మోళ్ళను ఊడుస్తోంది. ముక్కుపుటాల్లోంచి ఆవిరి. కళ్ళు రెండూ కొత్త ఇత్తడి చెంబుల్లా మెరుస్తున్నాయి.

“పిలిచింది తమరేనా, నాయకుడుగారూ?” అంది మెత్తగా. “దయచెయ్యండి. కళ్లెం కూడా తెచ్చారే!”

కళ్లెం తొడిగితే తల వంచి తొడిగించుకుంది. మాచన ఎక్కి కూర్చున్నాడో లేదో, విల్లు నుంచి బాణంలా లేచిపోయింది. జనం కేకలు ఒక్క క్షణంలో వెనకబడ్డాయి. మాచన కళ్లెం కుడికి లాగితే గుర్రం ఎడమకు తిరిగింది. ఆపితే ఉరికింది. ఆ కళ్లెం దానికి మెడలో దండతో సమానం.

నాలుగామడలు పోయాక పరిగెత్తుతూనే అడిగింది. “నాయకుడుగారూ, ఈ వెంట్రుకలు పీకిన చెయ్యి ఏది?”

“నాదే,” అన్నాడు మాచన. ఏడాదిగా అలవాటైన మాట, నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

గుర్రం తిన్నగా బ్రహ్మజెముడు డొంకలోకి దూరింది. ఆమడ పొడుగునా ముళ్ళే. పట్టుబట్టలు పీలికలై కొమ్మకొకటి చొప్పున వేలాడాయి. బంగారు మొలతాడు ఏ ముల్లుకు చిక్కుకుందో తెలియదు. డొంక దాటి బయటపడేసరికి మాచనకు తలపాగా ఒక్కటే మిగిలింది, గోచీ కాక.

“మళ్ళీ అడుగుతున్నాను. ఏ చెయ్యి?”

“మేమిద్దరం కలిసి పీకాం! నేనూ, మా అక్కా!”

గుర్రం గాలిలోకి ఎగిరి, సరస్సు మీదుగా పోతూ నడిమధ్యలో బాతుగా మారిపోయింది. బాతు మీద మనిషి ఎంతసేపు నిలుస్తాడు? మాచన దబ్బున నడుముల్లోతు బురదలో పడ్డాడు. బాతు అతని చుట్టూ తాపీగా ఈదుతూ, “సగం నిజం చెప్పారు కనుక సగమే ముంచాను. లేవండి, పొద్దు పోతోంది,” అంది.

మళ్ళీ గుర్రం, మళ్ళీ పరుగు. అడవులు, వాగులు, తేనెపట్లు వేలాడే కొండచరియలు, ఏనుగుల మందలు గిర్రున తిరిగిపోయాయి. చివరికి ఒక శిఖరం అంచున ముందు కాళ్ళు లోయలోకి వేలాడేటట్టు ఆగింది. దూరాన బొగ్గుకొండ కనిపించింది. చెట్టూ చేమా లేదు, నిలువెత్తున మసి. సూర్యుడు ఇంకా ఆకాశంలో సగం దిగలేదు.

“మూడోసారి,” అంది గుర్రం. ఈసారి ఆ గొంతులో ఎకసెక్కం లేదు.

మాచన ఏడ్చాడు. “మా అక్కది. చెంగమ్మది. నీ వీపు మీదికి ఎగిరింది మా అక్కే. వెంట్రుకలు పీకిందీ అదే. నువ్వు గాలిలోకి లేస్తుంటే కిందికి వంగి, కుడిచెయ్యి చాపి, పట్టుకోరా అని అరిచింది. ఆ చేతిలో వెంట్రుకలున్నాయి. నేను వెంట్రుకలు అందుకున్నాను. చెయ్యి అందుకోలేదు. అది చచ్చిపోయిందనుకున్నాను. అనుకోవడమే సుఖంగా ఉండి, వెతకడం మానేశాను.”

“నాకు తెలుసు. తోక నాది, నొప్పి నాది,” అంది గుర్రం. “నొప్పితో విదిలించాను, పోయి కర్కటుడి కొండమీద పడింది. మనిషి తోలుకొస్తే తప్ప ఆ కొండలో నేను కాలు పెట్టలేను. ఏడాదిగా నాకూ సిగ్గుగానే ఉంది. కానీ ఆ మాట నాకు చెబితే ఏం లాభం? ఎవరికి అబద్ధం చెప్పావో వాళ్ళకి చెప్పు.”

“చెబుతాను! ముందు అక్కను విడిపిద్దాం. తరవాత అందరికీ చెబుతాను!”

“తరవాత! ఏడాదిగా నువ్వు అంటున్నది ఆ మాటే.”

మరి మాట్లాడనివ్వలేదు. గిరుక్కున వెనక్కి తిరిగింది. మాచన దాని మెడ పట్టుకుని బతిమాలుతున్నా, జూలు పీకుతున్నా ఆగలేదు. వచ్చిన దారి అంతా వెనక్కి పరిగెత్తి పింగళదుర్గం విజయవేదిక ముందు నిలబడింది.

అతన్ని చూడగానే నగారాలు మోగాయి. పువ్వులు కురిశాయి. గోచీతో, బురదతో, ముళ్ళ గాట్లతో ఉన్నవాణ్ణి చూసి, ఎంత యుద్ధం చేసి వచ్చాడో అనుకుని జనం మరింత మురిశారు. కూలీల గుంపులోంచి ఎర్రవ్వ అనే ముసలిది కర్ర పొడుచుకుంటూ ముందుకు వచ్చింది. మాచనకు, చెంగమ్మకు కోత నేర్పింది ఆవిడే.

“మీ అక్కేదయ్యా?” అంది.

మాచన గుర్రం దిగాడు. తలపాగా తీసి కింద పెట్టాడు. రాజు వైపు కాదు, ఎర్రవ్వ వైపు తిరిగి చెప్పాడు. శిఖరం మీద చెప్పిందే చెప్పాడు, ఒక్క మాట తగ్గించలేదు. ఒక్క గుర్రం ముందు ఏడుస్తూ చెప్పిన మాటలే వెయ్యిమంది ముందు చెప్పేసరికి చెవులు కాలిపోయాయి. మధ్యలో ఎవరైనా రాయి విసిరితే బాగుండును, ఆపడానికి ఒక వంక దొరుకుతుంది అనిపించింది. ఎవరూ విసరలేదు. నగారా వాయించేవాడు కర్రలు పైకెత్తి అలాగే ఉండిపోయాడు.

ఎర్రవ్వ కర్ర ఊనుకుని అతని దగ్గరకు వచ్చింది.

“చుట్టాలింటికి పోయిందంటే నమ్మాను కదరా,” అంది. “చెప్పాపెట్టకుండా పోయిందని ఏడాదంతా దాన్నే తిట్టాను. పండక్కి కూడా రాలేదని నిన్న కూడా తిట్టాను.”

మాచనకు తల కొట్టేసినట్టయింది.

ప్రతీపవర్మ మొహం జేవురించింది. దూతల్లో ఒకడు దగ్గుతున్నట్టు నటిస్తూ నవ్వుకుంటున్నాడు. ఇంకొకడు రాజుగారి మీసం వైపే చూస్తున్నాడు. “నా కొలువులో, నా పక్క పీట మీద, దొంగ!” అని రాజు సింహాసనం దిగి గర్జించాడు. “తల గొరగండి. సున్నపుబొట్లు పెట్టండి. గాడిద మీద వెనక్కి తిప్పి కూర్చోబెట్టి పడమటి ద్వారం గుండా వెళ్ళగొట్టండి!”

ఆ రాజ్యంలో దొంగసొత్తును దొంగ మెడలోనే వేసి ఊరేగించడం ఆచారం. అందుకని మూడు వెంట్రుకల కళ్లెం మాచన మెడలో పడింది. తల గొరిగారు. నున్నటి గుండు మీద చల్లటి సున్నపుబొట్లు పెట్టారు. తీరా చూస్తే గాడిద లేదు! ఊళ్ళో గాడిదలన్నీ ధాన్యం బస్తాలు మోస్తూ కళ్ళాల దగ్గరున్నాయి. భటులు అటూ ఇటూ పరిగెత్తుతుంటే, వేదిక ముందున్న నల్లగుర్రం ఒళ్ళు విరుచుకుంది. చెవులు పొడుగయ్యాయి, కాళ్ళు పొట్టివయ్యాయి, జూలు ఊడిపోయింది. మసిరంగు గాడిద ఒకటి తోక ఆడిస్తూ, “దయచెయ్యండి, నాయకుడుగారూ,” అంది.

అలా పింగళదుర్గపు అశ్వనాయకుడు గాడిద తోక వైపు మొహం పెట్టి ఊరేగాడు. తోక మొదట్లో వెంట్రుకలు లేని మచ్చ ఒకటి కనిపించింది, మూడు వెంట్రుకలు పట్టేంత మచ్చ. దారి పొడుగునా దాన్నే చూస్తూ కూర్చున్నాడు. మేడల మీద ఆడవాళ్ళు పకపక నవ్వారు. ఎవరో కుళ్ళిన దోసకాయ విసిరారు. దానికి మాచన చలించలేదు. కానీ తనతో కొడవలి పట్టిన కూలీలు నవ్వలేదు. ఒక్కొక్కరే మొహం పక్కకు తిప్పుకున్నారు. ఆ సిగ్గుకు మాత్రం తట్టుకోలేకపోయాడు.

పడమటి ద్వారం దాటారు. సూర్యుడు కొండలకు బారెడెత్తున ఉన్నాడు.

“తలపాగా లేదు, మొలతాడు లేదు, అబద్ధం లేదు,” అంది గాడిద. “ఇప్పుడు తేలిగ్గా ఉన్నావురా మాచనా. గట్టిగా పట్టుకో!”

మొట్టమొదటిసారి పేరు పెట్టి పిలిచింది. ఆ పైన జరిగింది పరుగు అనడానికి లేదు. వెనక్కి తిరిగి కూర్చున్న మాచనకు ముందేమొస్తోందో తెలియదు, పోయేవి మాత్రమే కనిపిస్తున్నాయి. కోట చిటికెనవేలంత అయింది. జెముడు డొంకలో తన పట్టుబట్టల పీలికలు ఎర్రగా ఊగుతూ వెనకబడ్డాయి. జెముడు డొంకలో తన పట్టుబట్టల పీలికలు ఎర్రగా ఊగుతూ వెనకబడ్డాయి. శిఖరం అంచున గాడిద ఆగనే లేదు. లోయ మీదుగా నాలుగు కాళ్ళూ చాపి దూకింది. మాచన కేక ఒక కొండ నుంచి ఇంకో కొండకు తగిలి మూడుసార్లు వినిపించింది.

బొగ్గుకొండ గుహద్వారం దగ్గర నిప్పుకళ్ళ కాపలాకుక్కలు రెండు లేచి నిలబడ్డాయి. గాడిద మీద వెనక్కి తిరిగి, గుండుతో, సున్నపుబొట్లతో వస్తున్నవాణ్ణి చూసి, వీడికి ఇంతకు ముందే ఎవరో శాస్తి చేశారనుకున్నాయో ఏమో, మళ్ళీ పడుకున్నాయి.

లోపల కొలువుకూటం. పైకప్పు ఎక్కడుందో కంటికి ఆనదు. నల్లరాతి స్తంభాలకు పాములు, పీతలు చెక్కి ఉన్నాయి. రెండు వరసల్లో వందమంది రాతి స్త్రీలు, ప్రతి చేతిలో ఒక ప్రమిద, ప్రతి ప్రమిదలో పచ్చటి జ్వాల. అంత వెలుగులోనూ ఒక్క మొహంలో కళ లేదు. వరస చివర ఉన్న ప్రమిద ఒక్కటే ఇంకా వెలగలేదు. అది నేలమీదే ఉంది, పట్టుకోవలసిన చెయ్యి ఇంకా రాయి కాలేదు కనుక.

చెంగమ్మ పాదాల నుంచి మెడ దాకా రాయి. కుడిచెయ్యి ఒక్కటీ, ఏడాది కిందట చాపినట్టే, ముందుకు చాపి ఉంది. కొడవలి పట్టి కాయలు కాచిన చెయ్యి. మొహంలో కళ్ళు కదిలాయి. గవాక్షంలోంచి పడే ఎండ గోడమీద గోరంత మిగిలింది.

మాచన గాడిద దిగాడు. అక్క కళ్ళలోకి చూడడానికి మొహం చెల్లలేదు. మెడలోని కళ్లెం తీసి, చేలో ఆఖరి పిడికి తిరిగినట్టే వీపు తిప్పి నిలబడి, చెయ్యి వెనక్కి చాపాడు.

“ఇది నీది,” అన్నాడు. “నాది కాదు.”

కాసేపు ఏమీ జరగలేదు. తరవాత అక్క చెయ్యి పట్టుకోగా కళ్లెం మెల్లగా బిగిసింది. ఎండు కంకులు నలిగినట్టు పటపటమని చప్పుడైంది, రాతి పెచ్చులు మాచన మడమల దగ్గర రాలి పడ్డాయి.

“ఒరే,” అంది వెనక నుంచి, ఏడాదిగా వాడని గొంతు. “ఆ గుండేమిట్రా?”

“చెప్పేశానక్కా. అందరి ముందూ. ఎర్రవ్వకి కూడా.”

చెంగమ్మ ఊరుకోబెట్టనూ లేదు, తిట్టనూ లేదు. “ఇంత ఆలస్యమా?” అంది. అంతే. కొట్టి ఉంటే బాగుండుననుకున్నాడు మాచన.

అంతలో వందమంది రాతి స్త్రీల చేతుల్లో పచ్చటి జ్వాలలు ఒక్కసారిగా వాళ్ళిద్దరి వైపు మొగ్గాయి. గోడలోంచి మసి జలజలా రాలింది, రాలిన మసి మనిషంత ఎత్తు లేచి, రెండు పీతగోళ్ళు చాపింది. కర్కటుడు!

“నా దీపం! నా దీపం ఎవడురా ముట్టుకున్నది?”

వాడి అరుపుకు గుహద్వారం ఇనప తలుపు పైనుంచి గరగరమని దిగడం మొదలుపెట్టింది. బయట కుక్కలు నిద్ర మాని లేచాయి. చెంగమ్మ ఒక్క అంగలో గాడిద దగ్గరకు చేరి కళ్లెం తొడిగింది. తొడగగానే గాడిద పొట్ట కింద నేల జారిపోయినట్టు పైకి లేచి కొండంత నల్లగుర్రమైంది. తలను ఆమె భుజానికి ఆనించి కళ్ళు దించుకుంది.

“తప్పయిపోయింది తల్లీ,” అంది పరిగెరాయుడు.

“ఆ మాటలు తరవాత. ముందు తలుపు!” అంటూ ఎగిరి కూర్చుంది చెంగమ్మ. గుర్రం దూకింది. మాచన ఇంకా నేల మీదే ఉన్నాడు. తనను ఎక్కించుకోమని అడగడానికి నోరు రాలేదు. ఇక్కడే ఉండిపోతే ఆ ప్రమిద తనే పట్టుకోవచ్చు, అదీ న్యాయమే అనిపించింది.

గుర్రం చుట్టు తిరిగి వచ్చింది. చెంగమ్మ దాని మీది నుంచి కిందికి వంగింది. కుడిచెయ్యి చాపింది. ఈసారి ఆ చేతిలో ఏమీ లేదు.

“పట్టుకోరా!”

మాచన పట్టుకున్నాడు.

పీతగోరు అతని మడమ పక్కన నేలను చీల్చింది. ఇనప తలుపు గుర్రం ఎత్తుకు దిగింది, మనిషి ఎత్తుకు దిగింది, మూరెడు సందు మిగిలింది. గుర్రం వేగం తగ్గించలేదు. తలుపు మీదికి వచ్చేస్తుండగా దాని జూలు మాయమై, చెవులు నిక్కి, ఒళ్ళంతా ముడుచుకుపోయి కుందేలయింది, ఇద్దరు మనుషులు వీపున ఉండగానే. మాచన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. చెయ్యి మాత్రం వదల్లేదు. వెనక ఇనప తలుపు దబ్బున పడింది, మొహానికి బయటి గాలి తగిలింది.